పొగగొట్టం మీద డాలరు గుర్తు

రాబర్ట్ డాలర్ 1844 మార్చి 20న స్కాట్లండ్‌లోని ఫాల్కిర్క్ పట్టణంలో పుట్టారు. డాలర్ అన్నది ఆయన ఇంటిపేరు. అమెరికా నాణేనికీ ఆ పేరుకూ చుట్టరికం ఏమీ లేదు. ఆయన చిన్నతనంలోనే తల్లి చనిపోయింది. పన్నెండో ఏట బడి మానేసి పనిలో చేరవలసి వచ్చింది. పదిహేనేళ్లు నిండకముందే కుటుంబంతో కలిసి కెనడాకు వలస వెళ్లారు.

కెనడాలో ముందు పీపాల చెక్కలు తయారుచేసే చోట పని చేశారు. తరువాత అడవిలో చెట్లు కొట్టే కూలీల శిబిరంలో వంటవాడికి సహాయకుడిగా కుదిరారు. పగలంతా పని చేసి, రాత్రిపూట రాయడం, లెక్కలు వేయడం నేర్చుకున్నారు. తోటి కూలీల్లో చాలామంది ఫ్రెంచి మాట్లాడేవాళ్లు కావడంతో ఆ భాష కూడా పట్టుబడింది. కొన్నేళ్లకు శిబిరానికే మేస్త్రీ అయ్యారు.

1872లో సొంతంగా కలప వ్యాపారం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చింది. కలప కొనేవాళ్లు లేక వ్యాపారం మునిగింది, అప్పులు మిగిలాయి. ఆయన మళ్లీ జీతానికి కుదిరి ఆ అప్పులన్నీ తీర్చారు. ఆ తరువాతే మళ్లీ వ్యాపారంలో అడుగుపెట్టారు. మొదట అమెరికాలోని మిషిగన్‌కు, 1888లో కాలిఫోర్నియాకు మకాం మార్చారు.

కాలిఫోర్నియా ఉత్తర తీరంలో ఆయనకు కోత మిల్లు ఉండేది. ఆ కొండల్లోంచి కలప పట్నానికి చేరాలంటే సముద్రమే దారి. అద్దె ఓడలు వేళకు వచ్చేవి కావు. అందుకని 1895లో ‘న్యూస్‌బాయ్’ అనే చిన్న ఆవిరి ఓడను తానే కొన్నారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు దాటాయి. చాలామంది విశ్రాంతి గురించి ఆలోచించే వయసులో ఆయన ఓడల యజమాని అయ్యారు.

న్యూస్‌బాయ్ లాభం తెచ్చింది. ఒక్కొక్కటిగా ఓడలు పెరిగాయి, డాలర్ స్టీమ్‌షిప్ కంపెనీ ఏర్పడింది. కలప చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ దేశాలకు కూడా వెళ్లసాగింది. అక్కడే అసలు చిక్కు ఎదురైంది. ఓడ నిండా సరుకుతో వెళ్లినా, ఖాళీగా తిరిగి వస్తే బొగ్గు ఖర్చు, జీతాల ఖర్చు నెత్తిన పడతాయి. తిరుగు సరుకు వెతకడానికి ఆయన స్వయంగా ఆసియా దేశాలకు వెళ్లి వర్తకులను కలిశారు. సరుకు దొరికాక ఓడలు రెండు వైపులా సంపాదించాయి.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తలపెట్టిన ఓడలు చాలావరకు యుద్ధం ముగిశాక పూర్తయి అమెరికా ప్రభుత్వం చేతిలో మిగిలిపోయాయి. వాటిలో ఏడింటిని డాలర్ కంపెనీ 1923లో కొన్నది. అన్నిటికీ అమెరికా అధ్యక్షుల పేర్లే. 1924 జనవరిలో వాటితో భూగోళం చుట్టూ ప్రయాణం మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఓడ ఎప్పుడూ పడమటికే సాగేది. హోనొలులు, కోబె, షాంఘై, హాంకాంగ్, మనీలా, సింగపూర్, మన పొరుగున ఉన్న కొలంబో, సూయజ్ కాలువ, ఇటలీ రేవులు, న్యూయార్క్, పనామా కాలువ దాటి బయలుదేరిన చోటికే చేరేది. రెండు వారాలకు ఒక ఓడ చొప్పున నడిచేవి. ప్రయాణికులు నచ్చిన ఊళ్లో దిగి, ఆ ఊరు చూసుకుని, తరువాతి ఓడ ఎక్కవచ్చు. అలా వేళ తప్పకుండా లోకం చుట్టి రావడమే ఆ కంపెనీకి పేరు తెచ్చింది. నల్లని పొగగొట్టం మీద ఎర్ర పట్టీ, అందులో తెల్లని డాలరు గుర్తు చూసి ఆ ఓడలను దూరం నుంచే పోల్చుకునేవారు.

ఆయన పొదుపుకు మరో ముఖం కూడా ఉంది. అమెరికన్ల కంటే తక్కువ జీతానికి వచ్చే చైనా నావికులను ఓడల్లో పెట్టుకునేవారు. నావికుల మేలు కోసం 1915లో అమెరికా చేసిన చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించారు. చిన్నప్పుడు కూలి కష్టం తెలిసిన మనిషి అలా నిలబడటం ఆశ్చర్యంగానే ఉంటుంది. మరోవైపు చైనాలో అనాథాశ్రమానికీ ఇతర ధర్మకార్యాలకూ విరాళాలు ఇచ్చారు.

1931లో కంపెనీ ‘ప్రెసిడెంట్ హూవర్’, ‘ప్రెసిడెంట్ కూలిడ్జ్’ అనే రెండు భారీ ఓడలను నడపడం మొదలుపెట్టింది. వాటి కోసం ప్రభుత్వం దగ్గర పెద్ద అప్పు చేసింది. అది ఆర్థిక మాంద్యం కాలం. 1932 మే నెలలో రాబర్ట్ డాలర్ 88వ ఏట కన్నుమూశారు. 1937 డిసెంబరులో హూవర్ తైవాన్ దగ్గర దిబ్బకు తగిలి పాడైపోయింది. కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. 1938లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుని అమెరికన్ ప్రెసిడెంట్ లైన్స్ అని పేరు మార్చింది. పొగగొట్టాల మీద డాలరు గుర్తు పోయి గద్ద బొమ్మ వచ్చింది.

ఆ కంపెనీ పేరులోని మొదటి అక్షరాలే ‘ఏపీఎల్’. ఆ అక్షరాలున్న కంటైనర్లు నేటికీ సముద్రాల మీద తిరుగుతున్నాయి. సొంత వ్యాపారం మునిగినప్పుడు రాబర్ట్ డాలర్ కూలికి వెళ్లి అయినా అప్పు తీర్చారు. అప్పు తెచ్చి కట్టిన ఓడలు మాత్రం ఆయన ఇంటిపేరును నిలబెట్టలేకపోయాయి. ఆయన జీవితంలో ఈ రెండూ తెలుసుకోదగినవే.