పీపాలు కొలిచిన థామస్ పెయిన్

థామస్ పెయిన్ అనగానే అమెరికా స్వాతంత్ర్యం, 1776లో వచ్చిన 'కామన్ సెన్స్' గుర్తొస్తాయి. కానీ అంతకుముందు ఆయన ఇంగ్లండ్‌లో బీరు పీపాలు కొలిచే ఎక్సైజ్ ఉద్యోగి. నాకైతే ఆ భాగమే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

1737లో థెట్‌ఫోర్డ్‌లో పుట్టాడు. తండ్రి కార్సెట్లు కుట్టేవాడు, కొడుక్కీ అదే పని నేర్పాడు. అది అచ్చిరాలేదు. మొదటి భార్య పెళ్లయిన కొద్ది కాలానికే చనిపోయింది. 1762 చివర్లో గ్రాంథమ్‌లో ఎక్సైజ్ పనిలో చేరాడు.

బీరు మీద పన్ను 1643 నుంచీ ఉంది. ఎంత బీరుకి అంత పన్ను, కాబట్టి కొలవాల్సిందే. పీపా సిలిండర్ అయితే మనకి చిటికెలో పని. కానీ అది నడుం దగ్గర ఉబ్బి, చివర్లలో సన్నబడుతుంది. అందుకని మధ్య వ్యాసం, చివరి వ్యాసం కొలిచి, ఆ తేడాలో సుమారు పదింట ఏడు వంతులు చిన్నదానికి కలిపి, అంత వ్యాసమున్న సిలిండర్ అనుకుని లెక్కకట్టేవాళ్లు. చేతిలో ఒక కొలకర్ర, ఒక స్లైడ్ రూల్. వచ్చిన ఘనపుటంగుళాల్ని 282తో భాగిస్తే ఏల్ గాలన్లు, వైన్ అయితే 231తో. (ఒకే దేశంలో రెండు గాలన్లు! యూనిట్లు రాయకపోతే మార్కులు కోసే మన సార్లు అక్కడ ఉండాల్సింది.)

అసలు తలనొప్పి లెక్క కాదు. మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టి తీసిన మొదటి రసంతో స్ట్రాంగ్ బీరు, అదే మాల్ట్‌లో మళ్లీ నీళ్లు పోసి తీసిన పల్చటి రసంతో స్మాల్ బీరు చేసేవాళ్లు. మొదటిదానికి పన్ను ఎక్కువ. కొలతలయ్యాక రెండూ కలిపేస్తే వ్యాపారికి లాభం. అందుకే ఆఫీసర్ ఊరూరూ గుర్రం మీద తిరుగుతూ పదే పదే చూడాలి.

1764లో పెయిన్‌ని ఆల్ఫర్డ్‌కి వేశారు. జీతం ఏడాదికి 50 పౌండ్లు. మరుసటేడు ఆగస్టులో ఉద్యోగం పోయింది. కారణం: చూడని సరుకుని చూసినట్టు పుస్తకంలో రాయడం. ప్రయోగం చేయకుండానే ల్యాబ్ రికార్డు నింపేవాళ్లకి ఇది కొత్తేం కాదు. 1766లో క్షమాపణ రాసుకుంటే, 1768లో లూయిస్ ఊళ్లో మళ్లీ పోస్టింగ్ దొరికింది.

1772లో తోటి ఉద్యోగుల తరఫున జీతాలు పెంచమని ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఆవేశం కన్నా లెక్కే గట్టిది. 50 పౌండ్లలో పన్నులూ గట్రా పోతే 46. గుర్రం మేపడానికి 14. మిగిలింది 32, అంటే రోజుకి షిల్లింగు తొమ్మిది పెన్నీల చిల్లర. ఆ డబ్బుతో ఇల్లు గడవనివాడు వ్యాపారి ఇచ్చేదానికి లొంగుతాడు, చివరికి నష్టపోయేది ఖజానాయే అని వాదించాడు. 4000 కాపీలు అచ్చేశారు. చలికాలమంతా లండన్‌లో ఉండి పంచాడు. పార్లమెంటు పట్టించుకోలేదు.

1774లో సెలవు లేకుండా డ్యూటీ వదిలాడని మళ్లీ తీసేశారు. లూయిస్‌లో నడిపిన దుకాణం సామాను వేలానికి వెళ్లింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన పరిచయ లేఖతో ఓడెక్కాడు. నవంబర్ 30న ఫిలడెల్ఫియా చేరేసరికి జబ్బుతో లేవలేని స్థితి, మోసుకుని దింపారు. 'కామన్ సెన్స్' రావడానికి ఇంకా పదమూడు నెలలుంది.