రాత్రి యాభై 'పై'లు... పగలు ఆస్పత్రి పని!

రామకృష్ణాపూర్, మందమర్రి కాలనీల్లో గ్యాస్ పొయ్యిలు రాకముందు ఇంటింటా బొగ్గుల పొయ్యే. తెల్లవారుజామునే పొయ్యిని వాకిట్లోకి తెచ్చి ముట్టించడం, పొగంతా పోయేదాకా విసురుతూ కూర్చోవడం, ఎర్రగా కణకణలాడాక లోపలికి పట్టుకెళ్లి మొదటి షిఫ్టుకు పోయే మనిషికి టిఫిన్ కట్టడం... ఆ పని చేసిన అమ్మలు, అత్తలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. నిప్పుల మీద వంటకు ఎంత ఓపిక కావాలో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి నిప్పుల దగ్గర రాత్రిళ్లు కూర్చుని 'పై'లు కాల్చి, వాటిని అమ్మించి పొట్ట పోసుకుంటూ, పగలంతా సైనికుల గాయాలు కడిగి, మధ్యలో శత్రువుల రహస్యాలు కూడా రాబట్టిన ఒక నల్లజాతి మహిళ కథ ఇది. ఆమె పేరు హారియట్ టబ్‌మన్. బానిసలను విడిపించిన వీరనారిగా ఆమె గురించి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. 'పై'ల సంగతి మాత్రం అంతగా ఎవరూ ఎత్తరు.

'పై' అంటే కొత్తేమీ కాదు. మన గరిజెలకు (కోస్తా నుంచి వచ్చినవాళ్లు కజ్జికాయలంటారు) పెద్దక్క లాంటిది. పిండి కలిపి, వత్తి, లోపల తీపి పెట్టి, అంచులు మూసేయడం వరకు రెండూ ఒకటే. మనం నూనెలో వేయిస్తాం, వాళ్లు చుట్టూ వేడి తగిలేలా కాలుస్తారు. లోపల కొబ్బరి, బెల్లం, పుట్నాల పొడికి బదులు యాపిల్ ముక్కలో, పీచ్ పండ్ల ముక్కలో పెడతారు. పండ్ల కాలం కాకపోతే ఎండబెట్టి దాచిన యాపిల్ ముక్కల్ని నానబెట్టి వాడేవాళ్లు. మనకు ఒరుగులున్నట్టే అనుకోండి.

విచిత్రం ఏమిటంటే, హారియట్ చిన్నతనంలో తీపి కోసం చెయ్యి చాపితే దక్కింది కొరడా దెబ్బలే.

1822 ప్రాంతంలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, డార్చెస్టర్ కౌంటీలో ఆమె పుట్టింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు అరమింటా. తండ్రి బెన్, తల్లి రిట్, ఇద్దరూ బానిసలే. తొమ్మిది మంది సంతానం. అక్కల్లో ముగ్గురిని యజమాని దూరప్రాంతాలకు అమ్మేశాడు. అరమింటాను ఆరేళ్లకే పరాయి ఇళ్లకు పనికి కిరాయికిచ్చారు. పగలంతా ఇల్లు తుడవడం, రాత్రి పసిబిడ్డ ఊయల ఊపడం. బిడ్డ ఏడిస్తే యజమానురాలికి నిద్రాభంగం, ఈ పిల్లకు మెడమీద వాతలు. ఆ మచ్చలు చనిపోయేదాకా పోలేదు.

ఒకరోజు యజమాని దంపతులు పోట్లాడుకుంటున్నారు. ఈ పిల్ల బల్ల పక్కన నిలబడి ఉంది. బల్లమీద గిన్నెలో చక్కెర బిళ్లలు. అప్పటిదాకా మంచి తీపి రుచి ఎరగని ప్రాణం! వేళ్లు అటు పోయాయి. అమ్మగారు చూసేసింది. కొరడా అందుకునేలోపే పిల్ల గుమ్మం దాటి పరుగో పరుగు. ఎక్కడికని పోతుంది? ఒక పందుల దొడ్లో దూరింది. శుక్రవారం నుంచి మంగళవారం దాకా అక్కడే, పంది పిల్లలతో పోటీపడి ఆలుగడ్డ తొక్కలు తింటూ. తల్లి పందికి భయపడి, ఆకలికి తాళలేక చివరికి మళ్లీ అదే ఇంటికి వెళ్లింది. దెబ్బలు తప్పలేదు. ఒక్క చక్కెర బిళ్ల కోసం! అదీ నోట్లో పడనేలేదు.

పదమూడేళ్లు వచ్చేసరికి ఇంకో దెబ్బ పడింది. పారిపోతున్న బానిస మీదకు ఓవర్‌సీర్ విసిరిన తూకపుగుండు గురితప్పి ఈమె తలకు తగిలింది. దాదాపు కిలో బరువుంటుంది. అప్పటినుంచి మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయేది. కాసేపటికి తనే లేచేది. ఆ జబ్బు జీవితాంతం ఉంది.

1844లో జాన్ టబ్‌మన్ అనే స్వేచ్ఛాజీవిని పెళ్లి చేసుకుని, తల్లి పేరే తనకూ పెట్టుకుని హారియట్ అయింది. 1849లో తననూ అమ్మేస్తారని తెలిసి ఒంటరిగా పారిపోయి ఫిలడెల్ఫియా చేరింది. అక్కడా, ఎండాకాలంలో కేప్ మే అనే సముద్రతీర పట్నంలోనూ వంటమనిషిగా, పనిమనిషిగా చేసింది. ఇద్దరు ముగ్గురు చేసే చాకిరీ చేసి కూడబెట్టిన డబ్బుతో ఒంటికి ఏం కొనుక్కుందో అనుకుంటున్నారా? మళ్లీ మేరీలాండ్‌కే వెళ్లింది, మిగతావాళ్లను తీసుకురావడానికి! అలా పదేళ్లలో సుమారు 13 సార్లు వెళ్లి, దాదాపు 70 మందిని బయటికి తెచ్చింది. 1850 చట్టం తర్వాత ఉత్తరాది రాష్ట్రాల్లోనూ బానిసలను పట్టిచ్చే భయం వచ్చింది కాబట్టి, కెనడా దాకా నడిపించింది.

వాటిలో 1854 క్రిస్మస్ నాటి ప్రయాణం గురించి చదివితే ఏ తల్లికైనా కడుపు తరుక్కుపోతుంది. పండక్కి కొడుకులు వస్తారని రిట్ పందిని కోసి, విందు వండి, గుమ్మంలోకి పదిసార్లు వచ్చి చూస్తోంది. కొడుకులు ఇంటికి కూతవేటు దూరంలో పశువుల మేత కొట్టంలోనే ఉన్నారు, హారియట్‌తో కలిసి. తల్లికి చెబితే ఏడుపు ఆపుకోలేదు, గుట్టు రట్టవుతుంది. అందుకే చెప్పలేదు. తండ్రి ఒక్కడే రహస్యంగా అన్నం మూట అందించాడు. కళ్లకు గుడ్డ కట్టుకుని మరీ కొడుకులను కలిశాడు! రేపు దొరలు అడిగితే పిల్లల్ని చూడలేదని అబద్ధమాడకుండా చెప్పడానికన్నమాట. పిల్లలు చెక్కల సందుల్లోంచి తల్లిని చూసుకుని, మాట్లాడకుండానే వెళ్లిపోయారు. 1857లో హారియట్ ఆ ముసలివాళ్లిద్దరినీ కూడా తెచ్చుకుంది.

1861లో అంతర్యుద్ధం మొదలైంది. 1862లో మసాచుసెట్స్ గవర్నర్ కోరిక మీద హారియట్ దక్షిణ కరొలైనాలోని బ్యూఫర్ట్‌కు వెళ్లింది. ఉత్తరాది సైన్యం ఆ ప్రాంతాన్ని పట్టుకోగానే తోటల యజమానులు పారిపోయారు. వాళ్ల బానిసలు వేలమంది తిండీ బట్టా లేకుండా శిబిరాల చుట్టూ చేరారు. హారియట్‌కు ఆస్పత్రిలో పని. పొద్దున్నే వెళ్లి పెద్ద మంచుగడ్డ తెచ్చి, గిన్నెలో వేసి, నీళ్లు పోసి, స్పాంజితో ఒక్కొక్కరి గాయాలు కడిగేది. మూడు నాలుగు మంచాలు దాటేసరికి మంచు కరిగి నీళ్లు ఎర్రబడేవి. మళ్లీ మంచు, మళ్లీ నీళ్లు. ఈలోగా మొదటి మంచం మీదవాడికి మళ్లీ ఈగలు ముసిరేవి. రక్తవిరేచనాలతో పడున్నవాళ్లకు వేళ్లు, మూలికలు కాచి తాగించేది.

మొదట్లో ఆమెకు సైనికులతోపాటు రేషన్ ఇచ్చేవారు. అది చూసి చుట్టుపక్కల నల్లజాతివాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. మనలాంటిదే కదా, ఈమెకెందుకు ప్రత్యేకం అని. మనమైతే ఏం చేస్తాం? నేను చేసే చాకిరీకి ఆ మాత్రం హక్కు లేదా అని వాదించేవాళ్లం. అలా అనడం తప్పు కూడా కాదు. హారియట్ మాత్రం వాదించలేదు. రేషన్ వదిలేసింది. మరి తిండి? ఆస్పత్రి నుంచి అలసిపోయి వచ్చి, తన చిన్న గుడిసెలో రాత్రి వంట మొదలుపెట్టేది. ఒక్కో రాత్రి యాభై దాకా 'పై'లు, బోలెడంత అల్లం రొట్టె, రెండు పీపాల 'రూట్ బీర్' అనే వేళ్ల పానీయం! తెల్లారి వాటిని శిబిరాల్లో అమ్మడానికి ఒక మనిషిని పెట్టుకుంది. తను మళ్లీ ఆస్పత్రికి.

ఆ సైనికులకు 'పై' అంటే ఎందుకంత మోజంటే, వాళ్లకు రోజూ దొరికేది రాయిలాంటి గట్టి బిస్కెట్టు, ఉప్పులో ఊరిన పంది మాంసం, కాఫీ. ఆ బిస్కెట్టును తుపాకీ మడమతో పగలగొట్టి కాఫీలో నానబెట్టుకునేవాళ్లు. ఇంటి వంటలా వేడిగా, తియ్యగా ఏదైనా వస్తే వదులుతారా!

ఓవెన్ లేని చోట ఇవి ఎలా కాలుతాయని అనుమానం వస్తుంది కదూ? ఆ రోజుల్లో అక్కడ చాలా ఇళ్లల్లో, శిబిరాల్లో వాడింది మందపాటి పోత ఇనుప గిన్నె. మూడు పొట్టి కాళ్లు, అంచులు పైకి లేచిన మూత. కింద కొన్ని నిప్పులు, మూతమీద ఇంకొన్ని. మనవాళ్లు దమ్ బిర్యానీ చేసేది ఇలాగే కదా! కార్తీక వనభోజనాలకు గాంధారి ఖిల్లా వైపు వెళ్లినప్పుడు, వంటకు అనుమతించే చోట మీరూ ప్రయత్నించొచ్చు. రెండు కప్పుల మైదాలో చిటికెడు ఉప్పు, అరకప్పు గట్టి వెన్న వేసి వేళ్లతో పొడిపొడిగా కలపండి. నాలుగైదు చెంచాల చల్లటి నీళ్లు చల్లి ముద్ద చేయండి. చపాతీ పిండిలా మర్దించారో, గట్టిపడిపోతుంది. యాపిల్ గానీ, ఎండాకాలమైతే దోరమామిడి గానీ ముక్కలు కోసి చక్కెర, చెంచా మైదా, కాస్త దాల్చిన చెక్క పొడి కలపండి. వత్తిన పిండిని పళ్లెంలో పరచి, ముక్కలు నింపి, మరో పొరతో మూసి, అంచులు నొక్కి, పైన ఆవిరి పోవడానికి నాలుగు గాట్లు పెట్టండి. గిన్నె అడుగున ఇసుక పోసి ముందే వేడిచేసి, అందులో పళ్లెం దించండి. కింద ఒక వంతు నిప్పులైతే మూత మీద రెండు వంతులుండాలి. అడుగు మాడకుండా పైన ఎర్రబడే కిటుకు అదే. పదేసి నిమిషాలకు గిన్నెను కొంచెం తిప్పుతూ ఉంటే ముప్పావుగంటలో అవుతుంది. ఒక్కమాట... కట్టెలు కాలిన నిప్పులే వాడండి. గని బొగ్గు వద్దు. దాని గంధకం వాసన, పొగ తిండికి పట్టేస్తాయి.

ఇలా వండుతూ, నర్సు పని చేస్తూనే హారియట్ గూఢచారి దళాన్ని కూడా నడిపింది. 1863 జూన్ 2 తెల్లవారుజామున కల్నల్ జేమ్స్ మాంట్‌గోమరీ సైనికులతో కలిసి కంబాహీ నది మీదుగా పడవల్లో వెళ్లింది. నదిలో మందుపాతరలు ఎక్కడున్నాయో అక్కడి బానిసల ద్వారా ముందే తెలుసుకుంది. పడవల కూత వినగానే వరి పొలాల్లోంచి బానిసలు ఒడ్డుకు పరుగెత్తుకొచ్చారు. ఒకామె నెత్తిమీద అప్పుడే పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నె, ఇంకా పొగలు కక్కుతోంది. వీపున బిడ్డ, కొంగు పట్టుకుని ఇంకో ఇద్దరు! ఆ ఒక్కరోజే 700 మందికి పైగా విడుదలయ్యారు. హారియట్ ఒక జబ్బుమనిషి తాలూకు రెండు పందిపిల్లల్ని మోస్తూ పరుగెత్తబోయి, తన పొడుగు గౌను తనే తొక్కుకుని పడిపోయింది. గౌను పీలికలైంది. ఇక ఇలాంటి పనులకు గౌన్లు పనికిరావని, గట్టి గుడ్డతో కుట్టిన లాగులాంటి దుస్తులు పంపమని స్నేహితులకు ఉత్తరం రాయించింది. తనకు చదవడం, రాయడం రాదు మరి.

ఇంత చేసినందుకు యుద్ధకాలంలో ప్రభుత్వం నుంచి ఆమె చేతికొచ్చింది 200 డాలర్లు. అందులోంచే ఒక చాకిరేవు షెడ్డు కట్టించి, విడుదలై వచ్చిన ఆడవాళ్లకు సైనికుల బట్టలు ఉతికి సంపాదించుకోవడం నేర్పింది. దానాలు పుచ్చుకునే అలవాటు పడకూడదని ఆమె పట్టుదల. 1865లో ఇంటికి తిరిగొస్తుంటే రైల్లో కండక్టర్ ఆమె సైనిక పాసును నమ్మలేదు. బలవంతంగా లగేజీ పెట్టెలోకి ఈడ్చేశారు. యుద్ధంలో తగలని గాయం అక్కడ చేతికి తగిలింది.

న్యూయార్క్ రాష్ట్రం ఆబర్న్‌లో, 1859లో విలియం సీవార్డ్ దగ్గర వాయిదాల మీద కొన్న ఇంట్లో మిగతా జీవితం గడిపింది. ఇల్లు నిండా దిక్కులేనివాళ్లే. జీతం బకాయి కోసం ముప్పై ఏళ్లకు పైగా అర్జీలు నడిచాయి. చివరికి 1899లో నెలకు 20 డాలర్ల పింఛను ఖాయమైంది. అందులో 8 డాలర్లు రెండో భర్త నెల్సన్ డేవిస్ సైనికుడు కాబట్టి, 12 డాలర్లు నర్సుగా పనిచేసినందుకు. గూఢచారిగా చేసిన పనికి లెక్కలో ఒక్క డాలరూ లేదు.

1908లో ముసలివాళ్ల కోసం ఆమె కలలుగన్న ఆశ్రమం తెరిచారు. నిర్వహణ చర్చివాళ్లది. చేరడానికి 100 డాలర్ల రుసుం పెట్టారని ఆమె నొచ్చుకుంది. డబ్బు లేనివాళ్లకే కదా అది కావాల్సింది! తర్వాత తనూ అందులోనే చేరి, 1913 మార్చి 10న న్యుమోనియాతో కన్నుమూసింది. సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. 2024 నవంబరు 11న మేరీలాండ్ రాష్ట్రం ఆమెకు తన నేషనల్ గార్డ్‌లో బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చింది. అప్పటికి ఆమె పోయి 111 ఏళ్లు.