నిష్పక్షపాతియైన పరీక్షకుడు

పరీక్షలలో మోసమును వారించుటకు చీనాదేశమువారు వేయేండ్లకు పూర్వమే కట్టుదిట్టములు చేసిరి. వానికి తన ప్రవర్తనచే వన్నె తెచ్చినవాడు ఔయాంగ్ షియూ.

ఈయన 1007వ సంవత్సరమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. పేదరాలైన తల్లి రెల్లుపుల్లతో నేలపై వ్రాసి అక్షరములు నేర్పెను. 1030లో ఉన్నత పరీక్షయందు కృతార్థుడై, రాజోద్యోగియు మహారచయితయు నయ్యెను.

1057లో రాజధానియగు కైఫెంగునందు జరిగిన పరీక్షకు ఈయనయే ప్రధాన పరీక్షకుడు. పరీక్షకులను బయటివారితో కలిసికొననీయక లోపలనుంచి తాళము వేసెడివారు. అభ్యర్థుల పేర్లపై కాగితము అంటించెడివారు. దస్తూరినిబట్టి పోల్చుకొనకుండ లేఖకులచే సమాధానములన్నియు తిరిగి వ్రాయించెడివారు.

వానిలో నొక వ్యాసము ఈయనకు మిక్కిలి నచ్చెను. అది తన శిష్యుడగు జెంగ్ గోంగ్ వ్రాసినదేమోయని తోచెను. పక్షపాతమను నింద రాకుండ దానికి రెండవ స్థానమే యిచ్చెను. పేర్లు విప్పిచూడగా అది సూ షీ యను ఇరువదియేండ్ల యువకునిదని తేలెను! అర్హుడైనవానికి ప్రథమస్థానము తప్పిపోయెను. అటుపిమ్మట ఔయాంగ్ ఆ యువకుని మిక్కిలి ఆదరించెను. సూ షీ మహాకవియై వాసికెక్కెను.

ఔయాంగ్ షియూ 1072లో కాలధర్మము నొందెను. అంటించిన కాగితము పేరును దాచగలదు గాని మనస్సులోని పక్షపాతమును తీసివేయజాలదు. ఆ పని ఎవరికి వారే చేసికొనవలెను. ప్రక్కవాని కాగితముపైకి చూపు పోబోవునపుడు మన బాలబాలికలు ఈ పరీక్షకుని స్మరింతురు గాక!