ఆగస్టస్ ఎడ్వర్డ్ హఫ్ లవ్

ఆగస్టస్ ఎడ్వర్డ్ హఫ్ లవ్ (ఏప్రిల్ 17, 1863 - జూన్ 5, 1940) సుప్రసిద్ధ ఆంగ్ల గణిత శాస్త్రవేత్త. భూకంప తరంగాలలో ఒక రకమైన లవ్ తరంగాలకు ఈయన పేరే పెట్టారు. అంతగా ప్రచారం పొందనిది 1901లో విద్యుత్తరంగాలపై ఈయన ప్రచురించిన వ్యాసం. యాంటెన్నాల తొడుగులను పరీక్షించే నేటి పద్ధతులకు ఆ వ్యాసమే ఆధారం.

జీవిత విశేషాలు

లవ్ ఇంగ్లండులోని వెస్టన్-సూపర్-మేర్ పట్టణంలో ఒక శస్త్రవైద్యునికి జన్మించాడు. 1882లో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి, 1885లో గణిత ట్రైపాస్ పరీక్షలో ద్వితీయ స్థానం పొందాడు. 1894లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1899 నుండి మరణించే వరకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా పనిచేశాడు. ఈయన అవివాహితుడు.

పదార్థాల స్థితిస్థాపకతపై ఈయన వ్రాసిన గ్రంథం అనేక తరాల విద్యార్థులకు ప్రామాణికమైనది. లవ్ తరంగాల వివరణ 1911 నాటి భూగతిశాస్త్ర గ్రంథంలో ఉన్నది.

తుల్య ప్రవాహ సూత్రం

విద్యుదయస్కాంత తరంగాల జనకాన్ని ఒక సంవృత తలంతో చుట్టివేసినట్లు ఊహించుకుంటే, ఆ తలంపై తగిన విద్యుత్ ప్రవాహాలను, అయస్కాంత ప్రవాహాలను ఉంచి వెలుపలి క్షేత్రాన్నంతటినీ యథాతథంగా పొందవచ్చునని లవ్ నిరూపించాడు. అప్పుడు తలం లోపల క్షేత్రం శూన్యమవుతుంది. ఇవి తీగలో పారే కరెంటు వంటివి కావు, గణితపరమైన ప్రవాహాలు మాత్రమే. ఈ సంగతి మరచిన విద్యార్థికి సూత్రం వింతగా తోస్తుంది.

దీని ప్రయోజనం రేడోముల విషయంలో తెలుస్తుంది. మచిలీపట్నం వాతావరణ రాడారుపై కనిపించే గోళాకారపు కప్పు వంటిదే రేడోము. అది గాలివానల నుండి యాంటెన్నాను కాపాడాలి, తరంగాలను మాత్రం చెదరగొట్టకూడదు. పొర మందంలో తేడా ఉన్నా, అతుకు సరిగా లేకపోయినా తరంగాలు దారి తప్పుతాయి. దూరాన నిలిచి కొలిచిన క్షేత్రంలో లోపం ఉన్నదని తెలుస్తుంది గాని, ఎక్కడున్నదో తెలియదు. ఆ కొలతల నుండి వెనుకకు లెక్కించి రేడోము తలంపై తుల్య ప్రవాహాలను రాబట్టితే లోపమున్న చోటు పటంలో మచ్చవలె బయటపడుతుంది.

ఈ వెనుకటి లెక్క సులభం కాదు. కొలతలో స్వల్ప దోషం కూడా ఫలితంలో అనేక రెట్లు పెరుగుతుంది. కనుక నమ్మదగని అంశాలను వడగట్టాలి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెర్సన్, గుస్తాఫ్సన్ 2005లో రేడోములపై ఇటువంటి పునర్నిర్మాణాన్ని ప్రచురించారు.

వంకర తలాలను చిన్న త్రిభుజాలుగా విభజించి ప్రవాహాలను లెక్కించే విధానాన్ని 1982లో విల్టన్, గ్లిస్సన్‌లతో కలిసి ప్రకటించిన ఎస్.ఎం.రావు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. ఇటువంటి లెక్కలలో ఆ త్రిభుజాలు విరివిగా వాడుకలో ఉన్నాయి.

పురస్కారాలు

లవ్‌కు 1909లో రాయల్ పతకం, 1926లో డి మోర్గాన్ పతకం, 1937లో సిల్వెస్టర్ పతకం లభించాయి. ఈయన ఆక్స్‌ఫర్డ్‌లో మరణించాడు.