గోదావరి ఒడ్డున ఆఖరి గురువు

మనం భోగి మంట వేసుకునే రోజుల్లోనే పంజాబీలు లోహ్రీ మంట వేసుకుంటారు. సిక్కుల పదవ గురువు గురు గోవింద్ సింగ్ జయంతి కూడా పుష్య శుద్ధ సప్తమి. ఆ మధ్య గురుద్వారాకు వెళ్లినప్పుడు మా పిల్లలు ఒక ప్రశ్న వేశారు. అక్కడ విగ్రహం లేదు కదా, పుస్తకానికి వింజామర ఎందుకు వీస్తున్నారని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాం. ఆయన జీవితం చదివాక జవాబు దొరికింది.

ఆయన 1666లో పాట్నాలో పుట్టారు. తండ్రి గురు తేగ్ బహదూర్‌కు 1675లో ఔరంగజేబు ఆజ్ఞపై ఢిల్లీ చాందినీ చౌక్‌లో శిరచ్ఛేదం చేశారు. మత స్వేచ్ఛ కోసం కాశ్మీరీ పండితుల పక్షాన నిలబడినందుకే ఆ శిక్ష అని సిక్కులు చెబుతారు. తొమ్మిదేళ్ల పిల్లవాడు గురుపీఠం ఎక్కాల్సి వచ్చింది.

1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో వేలమంది ఎదుట కత్తి దూసి, తల ఇచ్చేవారు ఎవరని అడిగారు. ఒకరి తర్వాత ఒకరు ఐదుగురు లేచారు. వారిలో ఒకరు పూరీ జగన్నాథం నుంచి వచ్చిన నీళ్లు మోసే ఆయన, ఇంకొకరు మన పక్కనున్న బీదర్‌కు చెందిన క్షురక వృత్తివారు. వారికి ఒకే పాత్రలోని అమృతం ఇచ్చి ఖాల్సాను స్థాపించారు. మాకు ఎక్కువ నచ్చింది ఆ తర్వాత జరిగినది. గురువే ఆ ఐదుగురి ముందు మోకరిల్లి, తనకూ దీక్ష ఇమ్మని అడిగి తీసుకున్నారు. గోవింద్ రాయ్ గోవింద్ సింగ్ అయినది అప్పుడే.

తర్వాత ఆనంద్‌పూర్ కోట ముట్టడిలో చిక్కుకుంది. ఆకలికి తాళలేక నలభైమంది, ఇక మీరు మా గురువు కారని కాగితం రాసిచ్చి వెళ్లిపోయారు. కోట విడిచాక చమ్‌కౌర్ యుద్ధంలో పెద్ద కొడుకులిద్దరూ పోయారు. పదేళ్లైనా నిండని చిన్న కొడుకులిద్దరినీ సర్హింద్ నవాబు సజీవంగా గోడలో పెట్టి కట్టించాడు. తల్లి గుజ్రీ అమ్మగారు కూడా అక్కడే కన్నుమూశారు. తల్లిదండ్రులైన మనకు ఇది చదవడం కష్టం.

వెళ్లిపోయిన ఆ నలభైమంది సిగ్గుపడి, మాయీ భాగో అనే స్త్రీ వెంట తిరిగి వచ్చి, గురువు కోసం పోరాడి చనిపోయారు. కొన ఊపిరితో ఉన్న మహాన్ సింగ్ కోరిక మేరకు గురువు ఆ కాగితం చింపేశారు. ఆ చోటే ముక్త్‌సర్. మన సంక్రాంతి వేళకే వచ్చే మాఘీకి ఏటా అక్కడ పెద్ద తిరునాళ్ల జరుగుతుంది.

ఔరంగజేబు 1707లో మరణించాక ఆయన దక్షిణానికి వచ్చి, గోదావరి ఒడ్డున నాందేడ్‌లో ఆగారు. అక్కడ ఒక పఠాన్ కత్తితో పొడిచాడు. గాయం మానుతుండగా బలమైన విల్లు ఎక్కుపెట్టడంతో కుట్లు తెగాయంటారు. 1708 అక్టోబరు 7న పరమపదించారు.

వారసులుగా కొడుకులు లేరు. శిష్యుల్లో యోగ్యులకు కొదవ లేదు. అయినా ఏ మనిషినీ పీఠం ఎక్కించలేదు. ఇకపై గ్రంథమే గురువని చెప్పి దానికి నమస్కరించారు. 1604లో ఐదవ గురువు అర్జన్ దేవ్ కూర్చిన ఆ గ్రంథంలో గురువుల కీర్తనలతో పాటు కబీరు, నామదేవుడు, రవిదాసు, సూఫీ ఫరీదుల పదాలూ ఉన్నాయి. గోవింద్ సింగ్ గొప్ప కవి. అయినా దానిలో తండ్రిగారి కీర్తనలు చేర్చారు గాని తన రచనలు చేర్చలేదు. అవి దశమ గ్రంథంలో విడిగా ఉన్నాయి. రాజుకు పట్టినట్టే ఆ పుస్తకానికి వింజామర పడతారని పిల్లలకు ఇప్పుడు చెప్పగలుగుతున్నాం.

నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఇప్పుడున్న హుజూర్ సాహిబ్ కట్టడం 1830లలో మహారాజా రంజిత్ సింగ్ కట్టించినది. ఇండియా వెళ్లినప్పుడు పిల్లల అక్షరాభ్యాసానికి బాసర వెళ్లేవారికి చిన్న సూచన. నాందేడ్ అదే గోదావరికి ఎగువన, అదే రైలు దారిలో ఉంది. లంగరులో భోజనం ఎవరికైనా పెడతారు. తలకు కప్పుకోవడానికి ఒక రుమాలు మాత్రం మరచిపోకండి.