రేపల్లె బిడ్డ చిత్తూరు నాగయ్య

తెనాలి జంక్షన్ దాటగానే రైలు పట్టాలు రెండుగా చీలిపోతాయి. ఒకటి బాపట్ల మీదుగా మద్రాసు వైపు పోతుంది. రెండోది రేపల్లె చేరి అక్కడితో ఆగిపోతుంది. ఆ ఆఖరి స్టేషను ఊళ్లో 1904 మార్చి 28న ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు ఉప్పలదడియం నాగయ్య. గుంటూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడాది అక్టోబరులోనే. 2022 నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలో ఉంది. జిల్లాలు మారినా ఊరు మారలేదు. కానీ ఆ ఊరి బిడ్డ పేరు ముందు మాత్రం వేరే ఊరు వచ్చి చేరింది. చిత్తూరు నాగయ్య అంటేనే ఎవరికైనా తెలుస్తుంది!

అందుకు కారణం లేకపోలేదు. ఆయన చిన్నతనంలోనే చిత్తూరు ప్రాంతానికి చేరారు. అక్కడే చదువు, అక్కడే సంగీతం, అక్కడే నాటకం. చిత్తూరు రామవిలాస సభలో వేషాలు కట్టారు. కొన్నాళ్లు గుమాస్తాగిరీ చేశారు, కొన్నాళ్లు ఆంధ్రపత్రికలో విలేఖరిగా పనిచేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో స్వాతంత్ర్యోద్యమంలో దిగారు. గ్రామఫోన్ రికార్డులూ ఇచ్చారు. సినిమాలోకి వచ్చేసరికి ఆయనకు ముప్పై నాలుగేళ్లు. హెచ్.ఎం. రెడ్డి తీసిన గృహలక్ష్మి (1938) ఆయన మొదటి చిత్రం.

ఆ కాలంలో పాట తీయడమంటే ఎలా ఉండేదో ఇప్పటివాళ్లకు ఊహకందదు. నేపథ్యగానం ఇంకా కుదురుకోలేదు. నటుడు కెమెరా ముందు నటిస్తూనే పాడాలి. వాయిద్యాల వాళ్లు కెమెరా కంటికి దొరక్కుండా పక్కన సర్దుకుని కూచోవాలి. మైకు కూడా తెర మీద కనపడకూడదు. మధ్యలో ఎవరైనా దగ్గితే మళ్లీ మొదటికి రావలసిందే. నటన, గానం, వాద్యం అన్నీ ఒకేసారి కుదరాలి. ఆ మూడూ తెలిసినవాడికే అది సాధ్యం. నాగయ్య అలాంటివారు.

1939లో వాహినీవారి మొదటి చిత్రం వందేమాతరం వచ్చింది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి. నాయిక తెనాలి ప్రాంతపు కాంచనమాల. నాయకుడూ, సంగీత దర్శకుడూ నాగయ్యే. తర్వాత సుమంగళి (1940), దేవత (1941), భక్త పోతన (1943) చిత్రాలకూ ఆయన సంగీతం చేశారు. పద్యాన్ని రంగస్థలం మీద సాగదీసినట్టు సినిమాలో సాగదీస్తే కుదరదని ఆయన గ్రహించారు. కెమెరా ముఖానికి దగ్గరగా వచ్చినప్పుడు గొంతు కూడా దగ్గరగా, మెల్లగా ఉండాలి. పోతన పాత్రలో ఆయన పాడుతుంటే ఎదురుగా సభ ఉన్నట్టు అనిపించదు. ఒక మనిషి తనలో తాను దేవుడితో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

స్వర్గసీమ (1945) దగ్గర మన ప్రాంతం వాళ్లంతా ఒకచోట కలిశారు. మాటలు తెనాలి చక్రపాణివి. పాటల రచనలో రేపల్లె దగ్గరి పెదపులివర్రులో పుట్టిన సముద్రాల రాఘవాచార్యులు ఉన్నారు. ఓగిరాల రామచంద్రరావుతో కలిసి నాగయ్య సంగీతం సమకూర్చారు. ఆ పెదపులివర్రే ఘంటసాల వెంకటేశ్వరరావుకు అత్తవారి ఊరు. సముద్రాల ఆదరణతో మద్రాసు చేరిన ఆ యువకుడికి నేపథ్య గాయకుడిగా తొలి అవకాశం దొరికింది స్వర్గసీమలోనే. నటుడి నుంచి గొంతును విడదీసే కొత్త పద్ధతికి అలా బలమైన గాయకుడు దొరికాడు. తన పాట తానే పాడుకునే నాగయ్యలాంటి నటుల కాలం చెల్లిపోవడానికి అది నాంది. ఆ పిల్లవాడు గొంతు విప్పిన చిత్రానికి సంగీతం మాత్రం నాగయ్యదే!

మరుసటి ఏడు, 1946లో, త్యాగయ్య వచ్చింది. నిర్మాత, దర్శకుడు, నటుడు, సంగీత దర్శకుడు అన్నీ ఆయనే. త్యాగరాజస్వామి కీర్తనలకు కొత్తగా బాణీ కట్టనక్కర్లేదు కదా, ఇక సంగీత దర్శకుడికి పనేముంది అనిపించవచ్చు. అసలు పని అక్కడే ఉంది. ఏ కీర్తన ఏ సన్నివేశంలో రావాలి? ఎంతవరకు పాడాలి? ఎక్కడ ఆపి ఊరుకోవాలి? కచేరీలో రాగానికి సమయం దొరుకుతుంది, సినిమాలో కథ తొందరపెడుతుంది. రెంటికీ అన్యాయం జరగకుండా చూడాలి.

ఈనాడు కంప్యూటరు ముందు కూచుని బొమ్మల సినిమాలకు, వీడియో గేములకు సంగీతం కడుతున్న కుర్రవాళ్లకూ ఇదే సమస్య. గీసిన బొమ్మకు సొంత గొంతు లేదు. దాని అడుగుల చప్పుడు, ఊపిరి, పాట అన్నీ ఒకరు కల్పించి పెట్టాల్సిందే. చేతిలో వెయ్యి వాయిద్యాల ధ్వనులున్నా, ఎక్కడ ఏది వద్దో తెలియకపోతే అంతా రొదే. పనిముట్లు మారాయి, వివేకం మాత్రం నాగయ్య దగ్గర నేర్చుకోదగిందే.

ఇక ఆయన జీవితంలోని రెండో సగం చెప్పాలంటే మనసు బరువెక్కుతుంది. బాగా సంపాదించారు, అంతకంటే బాగా పంచిపెట్టారు. ఆయన ఇంటికి వచ్చినవాడు వట్టి చేతులతో పోలేదని చెప్పుకుంటారు. 1953లో నా ఇల్లు తీశారు. భక్త రామదాసు ఏళ్ల తరబడి నడిచి 1964లో విడుదలైంది. అందులో కబీరు పాటలకు మహమ్మద్ రఫీని పిలిపించి పాడించారు. తాను పేరుమోసిన గాయకుడై ఉండి, పాత్రకు నప్పే గొంతు మరొకరిదైతే వారికే ఇవ్వగలిగారు. 1965లో పద్మశ్రీ వచ్చింది. కానీ చేతిలో పైసా నిలవలేదు. ఒకప్పుడు చిత్రమంతా తన భుజాల మీద మోసిన మనిషి చిన్నాచితకా తండ్రి వేషాలతో కాలం గడుపుకున్నారు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు.

దానం చేయడం తప్పా? కాదు. అంతమందికి పెట్టిన చేతికి కడపట ఆసరా లేకపోవడమే తప్పు. ఆ తప్పు ఆయనది కాదు, పుచ్చుకున్న వాళ్లది. ఆయన పాటలు విని పెరిగిన మనందరికీ అందులో పాలుంది.

మద్రాసు పానగల్ పార్కు దగ్గర ఆయన విగ్రహం ఉంది. మనం చేయగలిగింది అంతకంటే సులువైన పని. ఈసారి తెనాలిలో రేపల్లె బండి ఎక్కినప్పుడు, ఆ లైను చివరి ఊళ్లో పుట్టిన ఆ గొంతును ఒక్కసారి గుర్తు చేసుకుందాం. హాస్టలు గదికి వచ్చాక పోతననో, త్యాగయ్యనో వెతికి పెట్టుకుని విందాం. వినేవాళ్లున్నంత కాలం పాట బతుకుతుంది.