చిలకమర్తివారి హాస్యం

ఈ ఉగాదికి మన సంఘం పిల్లల చేత గయోపాఖ్యానంలోని ఒక చిన్న రంగం వేయిద్దామని కార్యవర్గంవారు తీర్మానించారు. పద్యాలు నేర్పే భారం పెద్దలు వహించారు. సంభాషణలు కాగితం మీద రాసి ఇచ్చే పని నాకు అప్పగించారు. ఆఫీసులో చేసేది రాత పనే గనుక సంతోషంగా ఒప్పుకున్నాను. తీరా కాగితాలు పంచిపెట్టాక తెలిసింది, పదకొండుమంది పిల్లలలో తెలుగు అక్షరాలు కూడబలుక్కోగలవారు ఇద్దరే అని. బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో అమ్మానాన్నలతో తెలుగు. వారికి తెలుగు చెవికి తెలిసిన భాషే గాని కంటికి తెలిసినది కాదు. చేసేది లేక నేనే చదివి వినిపించాను. గంధర్వుడు గయుడు విమానంలో పోతూ ఉమ్మిన తాంబూలం సూర్యునికి అర్ఘ్యమిస్తున్న శ్రీకృష్ణుని దోసిట్లో పడిందనేసరికి ఒకటే నవ్వు! ఇది ఎవరు రాశారని ఒక అమ్మాయి అడిగింది. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పినది రెండు ముక్కలు. తక్కినది ఇక్కడ రాస్తున్నాను.

శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు 1867 సెప్టెంబరు 26వ తేదీన గోదావరి సీమలోని ఖండవల్లి గ్రామంలో జన్మించారు. వారి కాపురం వీరవాసరం. చదువు అక్కడా, నరసాపురంలోనూ, రాజమహేంద్రవరంలోనూ సాగింది. చిన్ననాటి నుంచీ వారికి రేచీకటి. పొద్దు వాలితే దారి తెలిసేది కాదు. పగటి చూపు కూడా అంతంతమాత్రమే. కళాశాల చదువుకు వెళ్లకుండా రాజమహేంద్రవరంలోనే పాఠశాలలలో ఉపాధ్యాయులుగా కుదురుకున్నారు.

రేచీకటి అంటే ఏమిటో మా రైల్వేవారికి వేరే చెప్పనక్కరలేదు. నేను మొదట పాయింట్స్‌మన్‌గా చేరినవాడిని. కొన్నేళ్లకొకసారి జరిగే కంటి పరీక్షలో తప్పాను. రాత్రిపూట దీపం రంగు దూరం నుంచి పోల్చలేనివాడికి స్టేషను యార్డులో పని లేదు. గుమాస్తా కుర్చీ ఇచ్చారు. మొదటి ఆరు నెలలూ ఆ కుర్చీ నాకు శిక్షలాగే ఉండేది. చిలకమర్తివారి స్వీయచరిత్ర చదివినది ఆ రోజులలోనే. అందుచేత నేను వారిని గూర్చి రాసేదానిలో కొంత పక్షపాతం ఉంటే పాఠకులు మన్నించాలి.

ఆ కాలపు నాటకాలు రాత్రి నాటకాలు. నూనె దీపాల వెలుగులో తెల్లవార్లూ ఆడేవారు. రాజమహేంద్రవరంలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారని నాటకమంటే ప్రాణం పెట్టే ఉపాధ్యాయులుండేవారు. వారి సమాజం కోసం చిలకమర్తివారు 1889 ప్రాంతంలో కీచకవధ రాశారు. అదే వారి తొలి నాటకం. అప్పటికింకా ఆ ఊరికి రైలు లేదు. గోదావరి మీద రైలు వంతెన వచ్చినది 1900లో. మన బరంపురం మీదుగా పోయే లైను కూడా 1890 తరువాతి మాటే. అలాంటి రోజులలో ఇరవై రెండేళ్ల కుర్రవాడు, దీపాల వెలుగులో సరిగా చూడలేనివాడు, దీపాల వెలుగులో ఆడే ఆటలు రాయడానికి పూనుకున్నాడు.

కీచకవధ వెనుకనే వచ్చిన గయోపాఖ్యానం వారి పేరు ఊరూరా చాటింది. కథ మీకు తెలిసినదే. గయుణ్ణి చంపుతానని కృష్ణుడు శపథం పడతాడు. సంగతి పూర్తిగా తెలుసుకోకుండానే కాపాడతానని అర్జునుడు మాట ఇస్తాడు. బావా బావమరదులు ఒకరిమీద ఒకరు కత్తి దూయవలసి వస్తుంది. మధ్యన సుభద్ర నలిగిపోతుంది. ఇది యుద్ధ నాటకమని పేరే గాని, నా దృష్టికి ఇంటి తగాదా నాటకం. అన్న మీద భర్తా, భర్త మీద అన్నా మాటలు రువ్వుకుంటూ ఉంటే ప్రేక్షకులకు తమ తమ ఇళ్లలోని పెళ్లి తగవులు గుర్తుకు రాకుండా ఉంటాయా? రచయిత బతికి ఉండగానే ఆ నాటకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. 1963లో రామారావుగారూ నాగేశ్వరరావుగారూ నటించిన శ్రీకృష్ణార్జున యుద్ధం సినిమాది కూడా ఈ గయుని కథే.

హనుమంతరావు నాయుడుగారి సమాజంలో వేషాలు వేసినవారిలో వారి శిష్యుడొకాయన ఉన్నారు. ఆడవేషాలు కూడా కట్టేవారు. ఆయనే టంగుటూరి ప్రకాశం పంతులుగారు. 1928లో మద్రాసులో తుపాకుల ముందు రొమ్ము విరిచి నిలిచిన వ్యక్తి ఒకనాడు చీర కట్టి రంగస్థలం ఎక్కారంటే మన పిల్లలు నమ్మరు. ఆడవేషం వేయనని మొరాయిస్తున్న మన సుభద్రకు ఈ సంగతి చెప్పి ఒప్పించాను.

చిలకమర్తివారు నవలలలో కూడా చెయ్యి చేసుకున్నారు. చింతామణి పత్రికవారి పోటీలో 1894లో రామచంద్ర విజయానికి బహుమతి వచ్చింది. తరువాత 1896లో హేమలత. చిత్తూరు కోట, అల్లాఉద్దీను ముట్టడి మొదలైన చరిత్ర అంతా అందులో ఉంది. ఈ చారిత్రక నవలల వల్ల వారిని ఆంధ్ర స్కాట్ అన్నారు. చూపు పోయిన తరువాత కూడా కావ్య రచన మానలేదు గనుక ఆంధ్ర మిల్టన్ అని కూడా అన్నారు. రెండూ పెద్ద బిరుదులే. కాని స్కాటు గాని మిల్టను గాని వీధి అరుగు మీద కూర్చున్న పదిమందిని ఇంతగా నవ్వించగలిగేవారా అని నా సందేహం.

ఆ నవ్వు చూడదలచినవారు ప్రహసనాలూ, వినోదాలూ చదవాలి. అవి చిన్న చిన్న ఆటలు. తెర, సామాను ఏమీ లేకపోయినా ఇద్దరు ముగ్గురు నిలబడి ఆడుకోవచ్చును. డంబాలు, మూఢాచారాలు, డబ్బు పిచ్చి ఇవే వాటి సరుకు. కొన్ని నేడు పాతబడిన మాట నిజమే. ఆ నాటి ఆచారాలు తెలియనివారికి వాటిలోని చురక తగలదు.

గణపతి నవల మాత్రం పాతబడలేదు. పొట్టివాడు, తిండిపోతు, చదువు రానివాడు, తల్లి గారాబంతో చెడినవాడు గణపతి. తనకు రాని చదువును ఇతరులకు చెప్పే పంతులుగా అవతారమెత్తుతాడు. పెళ్లి కోసం వాడు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. మనిషి రూపాన్ని చూసి నవ్వించే చోట్లు అందులో నాకు అంతగా రుచించవు. అయితే ఒక్క సంగతి గమనించండి. ఆ నవ్వు కింద దారిద్ర్యం ఉంది. పూట గడవని బ్రాహ్మణ కుటుంబాలు, కూటి కోసం పడే అవస్థలు, చుట్టాల సూటిపోటి మాటలు అన్నీ ఉన్నాయి. నవ్వి నవ్వి పుస్తకం మూసిన తరువాత ఆ ఇల్లే కళ్ల ముందు నిలుస్తుంది.

గణపతిని రేడియో నాటకంగా కూడా ప్రసారం చేశారు. మా తాతగారు రైల్వే క్వార్టర్సులో రేడియోకు చెవి ఆనించి వినేవారట. ఇంతకూ నేను చెప్పదలచినది ఇదే. ఈయన హాస్యం చెవికి పుట్టిన హాస్యం. వేషం మీద, చేతలమీద ఆధారపడినది తక్కువ. గోదావరి బ్రాహ్మణ ముసలమ్మ సాగదీత, మునసబు దర్పం, పంతులు కోపం ఇవన్నీ మాట విరుపులోనే పట్టుకున్నారు. ముఖం సరిగా కనబడని మనిషి గొంతు వినడంలో ఎంత నేర్పరి అవుతాడో నాకు తెలుసు. ఫోనులో గొంతు విని ఏ స్టేషనులో ఏ మాస్టరు డ్యూటీలో ఉన్నారో మా ఆఫీసులో మొట్టమొదట చెప్పేది నేనే.

1907లో బిపిన్ చంద్రపాల్‌గారు రాజమహేంద్రవరం వచ్చినప్పుడు ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలను తెలుగు చేసి జనానికి వినిపించింది చిలకమర్తివారే. కాగితం లేదు, ముందు తయారీ లేదు. విన్నది విన్నట్టు పట్టుకుని అప్పటికప్పుడు చెప్పాలి. ఆ సందర్భంలోనే భారతదేశాన్ని పాడియావుగా, దొరలను పాలు పితుక్కునేవారుగా పోల్చి ఆశువుగా ఒక పద్యం చెప్పారు. అది కూడా అచ్చులో చదివినవారి కంటె నోట విని నేర్చినవారి వల్లనే ఎక్కువగా వ్యాపించింది.

మనోరమ, దేశమాత పత్రికలు నడిపారు. వీరేశలింగంపంతులుగారి మార్గంలో నడిచి, 1909లో అంటరానివారని లోకం దూరం పెట్టిన పిల్లలకు పాఠశాల పెట్టారు. ఈ భాగం వేరే వ్యాసానికి చాలినంత ఉంది గనుక ఇక్కడ విస్తరించను.

వయసు పైబడేకొద్దీ కళ్లు పూర్తిగా మూతపడ్డాయి. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో సన్మానించింది. తమ స్వీయచరిత్రను చెప్పి రాయించారు. ఎప్పటి సంగతులో జ్ఞాపకం మీదనే చెప్పుకుంటూ పోయారు. అందులో తమ చూపును గూర్చి ఏడుపు లేదు. ఎవరు ఏమన్నారో, ఎలా అన్నారో అదే ఉంటుంది. 1946 జూన్ 17వ తేదీన కన్నుమూశారు.

మన పిల్లలకు మాటలన్నీ ఇప్పుడు నోటికి వచ్చాయి. కాగితాలు తిరిగి నాకే ఇచ్చేశారు. గయుడు వేసే అబ్బాయి ఒక్క చోట మాత్రం ఒడియా మాట కలుపుతున్నాడు. ఎంత చెప్పినా మానడు. ప్రేక్షకులు నవ్వుతారని వాడి ధైర్యం. ఉగాది రాత్రి తెర వెనుక ప్రాంప్టింగు నాదే. అక్షరాలు బొద్దుగా రాసుకున్నాను. దీపం ఒకటి ఎక్కువ పెట్టించమని కార్యదర్శిగారికి ఇందుమూలంగా మనవి చేసుకుంటున్నాను.